సినిమా మనదైతే నాయికా మనదే

ఏటా ఫిబ్రవరి 6 దగ్గర పడగానే తెలుగు సినిమా పుట్టుక గురించి సభలు పెడతారు, పత్రికలు ప్రత్యేక వ్యాసాలు వేస్తాయి. మూకీల కాలపు నటీమణుల వంతు వచ్చేసరికి ఎవరు మాట్లాడినా ఒకటే కథ. ఆ రోజుల్లో పరువుగల ఇంటి ఆడవాళ్లెవరూ తెర మీదికి రాలేదట. గత్యంతరం లేక తెల్లగా ఉన్న ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలను పట్టుకొచ్చి, చీర కట్టి, కిరీటం పెట్టి, దేవతల వేషాలు వేయించారట. మాటలతో పని లేదు కనుక ముఖం ఉంటే చాలిందట. 1931లో తెరకు మాట రాగానే భాష రాని ఆ అమ్మాయిలు ఎక్కడివాళ్లక్కడ మాయమయ్యారట. కాబట్టి మన నటీమణుల చరిత్ర ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయితో మొదలవుతుందట.

చిన్నప్పటి నుంచి వింటున్న ఈ కథను నేను ఒప్పుకోను. ఇందులో కొన్ని మాటలు సగం నిజాలు, కొన్ని పూర్తి అబద్ధాలు. అన్నీ కలిసి చేసిన పని ఒక్కటే. మన మొదటి చిత్రంలో నటించిన స్త్రీని మన చరిత్ర నుంచి బయటికి నెట్టాయి. కమలాబాయి గొప్పదనం మీద నాకు ఇసుమంత సందేహం లేదు. ఆమెను ఎత్తడానికి ఆమెకు ముందు పదేళ్లు పనిచేసిన వాళ్లను తుడిచెయ్యాలా అన్నదే నా ప్రశ్న.

ముందు ‘భీష్మ ప్రతిజ్ఞ’ సంగతి తేల్చుకుందాం. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో ఫొటో స్టూడియో నడిపి, క్రోనోమెగాఫోన్ యంత్రం తెప్పించి ఊరూరా బొమ్మలు చూపించి, 1914లో గెయిటీ థియేటర్ కట్టించాడు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా పని నేర్చుకు రమ్మని విదేశాలకు పంపాడు. ఆ కొడుకు తిరిగొచ్చాక ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ సంస్థ తరఫున 1921లో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’. భీష్ముడి వేషం ప్రకాశే వేశాడు. ఈ ఒక్క సినిమాతోనే వెంకయ్యను తెలుగు సినిమాకు పితామహుడన్నాం. ఆయన పేరున ప్రభుత్వం అవార్డు పెట్టింది. ప్రకాశ్‌ను మొదటి దర్శకుడన్నాం. అంతవరకూ న్యాయమే. ఆ సినిమాలో గంగ వేషం వేసిన ఆమె పెగ్గీ కాస్టెలో. ఆమె దగ్గరికి వచ్చేసరికి మన కొలత మారిపోతుంది. ఒకరు ఆమెను ఇంగ్లీషు వనిత అని రాస్తారు, ఇంకొకరు ఆంగ్లో ఇండియన్ అని రాస్తారు, పేరు కూడా తలా ఒక తీరుగా రాస్తారు, అంతటితో ఒక్క వాక్యంలో వదిలేస్తారు.

సినిమా మూకీ. అందులో తెలుగు మాట ఒక్కటి కూడా వినబడదు. అయినా తీసినవాళ్లు మనవాళ్లు కనుక అది తెలుగు సినిమా అన్నాం. నిర్మాతకు, దర్శకుడికి భాషతో పని లేకుండా తెలుగు గౌరవం దక్కినప్పుడు గంగకు మాత్రం భాష అడ్డం ఎట్లా వస్తుంది? భీష్ముడు తెలుగువాడు, భీష్ముడి తల్లి పరాయిది అంటే ఆ సినిమాను నిలువునా చీల్చి మనకు నచ్చిన ముక్క ఉంచుకున్నట్టు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ మన మొదటి చిత్రమైతే అందులోని గంగ మన మొదటి చిత్రనటి. ఆమెను కాదంటే ఆ చిత్రాన్నీ, దాని వెంట వచ్చిన పితామహత్వాన్నీ వదులుకోవాలి. రెండింట్లో ఒకటి ఎంచుకోక తప్పదు.

ఇక ఆడవాళ్లెవరూ రాలేదన్న మాట. ఇది చరిత్ర తెలియక అనే మాట, లేదా తెలిసీ కొందరిని ఆడవాళ్ల లెక్కలో వెయ్యకుండా అనే మాట. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతి వేషం సాలుంకే అనే మగవాడు వేసిన సంగతి అందరికీ కంఠతా వచ్చు. అదే ఏడాది ఆయన రెండో చిత్రం ‘మోహినీ భస్మాసుర’లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి గోఖలే నటించిన సంగతి ఎంతమందికి గుర్తుంది? మొదటి చిత్రానికీ రెండో చిత్రానికీ మధ్య కొన్ని నెలలే. మద్రాసులో నటరాజ ముదలియార్ తీసిన మొదటి దక్షిణాది చిత్రం ‘కీచక వధ’లో ద్రౌపది జీవరత్నం అనే మన స్త్రీయే. అదే ముదలియార్ ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ తీసినప్పుడు ద్రౌపది వేషం ఒక ఆంగ్లో ఇండియన్ యువతికి ఇచ్చాడు. అంటే ఇద్దరూ ఉన్నారు, ఇద్దరూ పని చేశారు. ఒకరు లేక ఇంకొకరు రాలేదు.

మా రాయలసీమవాళ్లయితే ఈ మాట అసలు అనకూడదు. కడప జిల్లాలో సురభి అనే పల్లెలో 1885లో వనారస కుటుంబం ‘కీచక వధ’ నాటకం ఆడి సురభి సమాజానికి శ్రీకారం చుట్టింది. ఆ సమాజాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. కోస్తాలో స్థానం నరసింహారావు చీర కట్టి సత్యభామగా జనాన్ని ఉర్రూతలూగిస్తున్న రోజుల్లోనే సురభి ఆడవాళ్లు బండ్ల మీద ఊరూరా తిరిగి, పసిపిల్లను తెర వెనక పడుకోబెట్టి, ముఖానికి రంగు వేసుకుని నిలబడుతున్నారు. కమలాబాయి వచ్చింది ఆ ఇళ్ల నుంచే. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వాళ్లను రంగస్థలం మీదికి తెచ్చాడు. బళ్లారికి మా గుంతకల్లు ఎంత దూరమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

పరువుగల ఇళ్లవాళ్లు రాలేదు అని సర్దుకుంటారు కొందరు. పరువుకు కొలత ఎవరు పెట్టారు? 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో ఈ సీమ ఆడవాళ్లు కరువు పనుల్లో మట్టి తట్టలు మోసి పిల్లలను బతికించుకున్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని నేల ఇది. ఇక్కడ కూలికి పోని ఆడది ఉన్న ఇళ్లు ఎప్పుడూ కొన్నే. ఆ కొన్ని ఇళ్ల గడప లోపల ఉన్నవాళ్లనే ‘మన ఆడవాళ్లు’ అని లెక్క పెడితే, నాటకాలాడిన వాళ్లు, కచేరీ చేసిన వాళ్లు, కలవంతుల ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లు, మట్టి మోసిన వాళ్లు ఎవరి ఆడవాళ్లు?

చదువుకున్న ఇళ్ల నుంచి రాలేదా అంటే అదీ తప్పే. 1928 నాటి ‘షిరాజ్’లో నాయిక వేషం వేసిన ఏనాక్షి రామారావు చదువుకున్న స్త్రీ. సత్యాగ్రహాల్లో జైలుకు వెళ్లిన కమలాదేవి చట్టోపాధ్యాయ సైతం మోహన్ భవ్నానీ తీసిన ‘వసంతసేన’ మూకీలో నటించింది. వచ్చినవాళ్లను మనం ఏం చేశామో కూడా చెప్పుకోవాలి. తిరువనంతపురంలో జె.సి. డేనియల్ తీసిన తొలి మలయాళ చిత్రం ‘విగతకుమారన్’లో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ నాయర్ యువతి వేషం వేసింది. పై కులాల వాళ్లు తెర మీదికి రాళ్లు విసిరారు, ఆమె ఇంటికి నిప్పు పెట్టారు. ప్రాణం దక్కించుకోవడానికి ఆమె తమిళ ప్రాంతానికి పారిపోయింది, మళ్లీ తెర మీద కనిపించలేదు. ఆడవాళ్లు రాలేదు అని మనం చెప్పుకునే చోట చాలాసార్లు రాసుకోవలసింది, వచ్చిన వాళ్లను తరిమాం అని.

మూడో మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. వాళ్లకు నటన రాదు, తెల్ల ముఖమే పెట్టుబడి అన్నది. ఈ తీర్పు ఇచ్చేవాళ్లు ఏ సినిమా చూసి ఇచ్చారు? మన దేశంలో 1,300కు పైగా మూకీలు తీస్తే ఇవాళ చూడగలిగేలా మిగిలినవి ముప్పై కూడా లేవు. ఆ ఫిల్ము నైట్రేటుది. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది, ఊరికే డబ్బాలో ఉన్నా చీకి పొడి అవుతుంది. అందులోని వెండి కోసం కరిగించిన రీళ్లకు లెక్కే లేదు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా ఆ పోయినవాటిలోదే. చూడని సినిమాలో నటి నటించలేదని చెప్పే ధైర్యం ఎక్కడిది?

మిగిలిన కొద్దివాటిని చూసినవాళ్లు ఆ మాట అనలేరు. రెనీ స్మిత్ అనే ఆంగ్లో ఇండియన్ అమ్మాయి సీతాదేవి పేరుతో హిమాంశు రాయ్ మూడు చిత్రాల్లో నటించింది. 1925లో ‘లైట్ ఆఫ్ ఏషియా’లో బుద్ధుడి భార్య గోప, 1928లో ‘షిరాజ్’లో కుట్రలు పన్నే దాలియా, 1929లో ‘ఎ త్రో ఆఫ్ డైస్’లో ఇద్దరు రాజుల జూదం మధ్య నలిగే సునీత. మూడూ బతికి ఉన్నాయి. ‘షిరాజ్’ను బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ శుభ్రం చేసి మళ్లీ చూపించింది కూడా. గోపలో కదలకుండా నిలబడి చూపుతోనే విరహం చెప్పిన మనిషే దాలియాలో ఈర్ష్యను పెదవి మూల నుంచి చూపిస్తుంది. ఒకే చట్రంలో పక్కన ఏనాక్షి రామారావు ఉంటుంది. ఇద్దరినీ పోల్చి చూసుకోవచ్చు. దాలియా కనిపించినంతసేపూ నా కళ్లు వేరేవైపు పోలేదు.

ఆ రోజుల్లో కెమెరా ముందు నిలబడటం ఎలాంటి పనో కూడా తెలుసుకోవాలి. కెమెరాను చేత్తో తిప్పేవాళ్లు. తిప్పే వేగం మారితే నటి కదలిక తెర మీద గంతులాగా పడేది. అప్పటి ఫిల్ముకు ఎరుపు కనబడదు, ఎర్రటిది నల్లగా పడుతుంది, నీలం తెల్లబడుతుంది. పెదవి రంగు నుంచి చీర అంచు దాకా ఆ లెక్కన చూసుకోవాలి. ఎండే దీపం. పైన పల్చటి గుడ్డ పరిచి, అద్దాలతో, వెండిరేకు పలకలతో వెలుగు ముఖం మీదికి కొడితే, రెప్ప వాల్చకుండా ఆ వెలుగులో ఏడవాలి, నవ్వాలి. గొంతు ఇచ్చే ఆసరా లేదు. పాట వచ్చి ఆదుకోదు. మధ్యమధ్య నాలుగు మాటల అట్ట ఒకటి పడితే, హాల్లో ఒకడు దాన్ని చదివి వినిపించేవాడు. చదవడం రాని పల్లెజనానికి కథంతా ఆమె ముఖంలోంచే తెలియాలి. అటువంటి పనిని ముఖం చూపించడం అనేవాళ్లు ఆ పనిని ఏనాడూ లక్ష్యపెట్టలేదని నేనంటాను.

తెల్ల రంగు వాళ్లకు కలిసొచ్చింది, నిజమే. ఆ పక్షపాతం తీసినవాడిది, చూసినవాడిది. వందేళ్ల తర్వాత కూడా మన నాయికలను రంగు చూసి ఉత్తరాది నుంచి తెస్తున్నాం, వాళ్ల మాట ఇంకొకరి గొంతుతో చెప్పిస్తున్నాం, అయినా వాళ్లు తెలుగు నాయికలు కారని అనడం లేదు. అననక్కర్లేదు కూడా. అదే మర్యాద 1921 నాటి గంగకు ఎందుకు దక్కదు?

ఇప్పుడు అందరూ చివరగా వేసే దెబ్బ దగ్గరికొస్తాను. మాట రాగానే భాష రాక మాయమయ్యారన్నది. దీనికి జవాబు రూబీ మయర్స్ జీవితం. ఆమెను అందరూ ఆంగ్లో ఇండియన్లలో కలిపేస్తారు గానీ, ఆమె పూనాలో బాగ్దాదీ యూదుల ఇంట 1907లో పుట్టింది. తెర మీద పేరు సులోచన. సినిమాల్లోకి రాకముందు ఆమె ఉద్యోగం టెలిఫోన్ ఆపరేటరు. గొంతు రాదన్నారే, ఆమె అంతకుముందు తిన్న తిండి గొంతుతో సంపాదించుకున్నదే! కోహినూర్ కంపెనీ భవ్నానీ వచ్చి నటించమని అడిగితే మొదట కుదరదంది. నటన పరువు తక్కువ పని అనే భయం ఆమెకూ ఉంది. ఆ భయం మన ఇళ్లకే ఉండేదనీ వాళ్లకు లేదనీ అనుకోవడం వాళ్లను మనుషుల్లా చూడకపోవడమే. భవ్నానీ పట్టు విడవలేదు, చివరికి ఆమె ఒప్పుకుంది. 1925లో ‘వీరబాల’తో మొదలుపెట్టింది.

తర్వాత ఐదారేళ్లు ఆమె పేరు చెబితే టికెట్లు తెగేవి. ‘టైపిస్ట్ గర్ల్’, ‘టెలిఫోన్ గర్ల్’ 1926లో వచ్చాయి. ఉద్యోగం చేసుకుని బతికే అమ్మాయిని నాయికను చేసిన సినిమాలవి. తెర మీద ఎక్కువగా పురాణ స్త్రీలే కనిపించే కాలంలో అదెంత మార్పో ఆలోచించండి. 1927లో ‘వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే’లో ఒక్కతే ఎనిమిది వేషాలు వేసింది. తోటమాలి, పోలీసు, అరటిపళ్లమ్మే ముసలమ్మ, వీధి కుర్రాడు, మన హైదరాబాదు పెద్దమనిషి, అన్నీ ఆమే. ముఖమే పెట్టుబడి అయిన మనిషికి ముసలమ్మ వేషం, పోలీసు వేషం ఎందుకు ఇస్తారు? 1928లో ‘అనార్కలీ’ వేసింది. అదే కథను అదే ఏడాది సీతాదేవితో ఇంకొక కంపెనీ తీస్తుంటే, సులోచనతో ఇంపీరియల్ కంపెనీ పరుగు మీద తీసి ముందు విడుదల చేసింది.

1931 మార్చి 14న మొదటి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ వచ్చింది. సులోచనకు ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు, హిందుస్తానీ సరిగ్గా రాదు. ఆమె ఏం చేసింది? ఏడాది పాటు తెర వదిలి హిందుస్తానీ నేర్చుకుంది. తిరిగొచ్చి తన పాత విజయాలనే మాటలతో మళ్లీ చేసింది. ‘మాధురి’ 1932లో, ‘ఇందిరా ఎం.ఏ.’ 1934లో, ‘అనార్కలీ’ 1935లో, ‘బంబయీ కీ బిల్లీ’ 1936లో. ఇది మాయమైన మనిషి చేసే పనా? ఆమెకు దెబ్బ తగిలింది తర్వాత. ఇంపీరియల్ కంపెనీ మూతపడింది, ఆమెకూ వయసు పైబడింది, నాయిక వేషం యవ్వనంతోనే ఆగిపోయే పరిశ్రమ అది. ఆ గతి భాష బాగా వచ్చిన నటీమణులకూ పట్టింది. అయినా ఆమె చిన్న వేషాలు కాదనలేదు. 1953 నాటి ‘అనార్కలీ’లో సలీం తల్లి జోధాబాయి సులోచనే. ఒకే కథలో పాతికేళ్లలో రెండుసార్లు ప్రేయసి, ఒకసారి తల్లి. 1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చారు. 1983లో బొంబాయిలో కన్నుమూసింది.

భాష రాక ఇబ్బంది పడినవాళ్లు ఆడవాళ్లే అన్నట్టు మాట్లాడటం కూడా అన్యాయమే. ‘ఆలం ఆరా’ నాయకుడు మాస్టర్ విఠల్ మూకీల కాలపు పెద్ద స్టార్. అతని ఉర్దూ బాగా లేదని ఎక్కువ భాగం మాట లేకుండా, మగతలో ఉన్నట్టు నడిపించారు. ఆయన్ను భాష రాని పరాయివాడని ఏ చరిత్రకారుడూ తోసిపుచ్చలేదు. మొదటి భారతీయ టాకీ కథానాయకుడిగానే రాస్తారు. ఆ ఏడాదే మన హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాసు’లో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడింది, నాయకుడు తెలుగులో మాట్లాడాడు. జనం ఆ చిత్రాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అంటే చూసేవాడికి ఒకే తెర మీద రెండు భాషలు కలిసినా అభ్యంతరం లేకపోయింది. అభ్యంతరం తర్వాత చరిత్ర రాసినవాళ్లకు వచ్చింది.

గుంతకల్లులో ఉండి ఈ కథ వినడం నాకు ఎందుకు అంత కష్టమో చెప్పాలి. రైలుతో పెరిగిన ఊరు మాది. 1871లో మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు రాయచూరు దగ్గర బొంబాయి పట్టాలతో కలిశాయి. ఆ దారి గుంతకల్లు మీదుగానే. తర్వాత బళ్లారి మీదుగా హుబ్లీకి, ధర్మవరం మీదుగా బెంగళూరుకు, నంద్యాల మీదుగా బెజవాడకు దారులు చీలాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో డ్రైవర్లలో, గార్డుల్లో ఎంతోమంది ఆంగ్లో ఇండియన్లు. రైల్వే కాలనీ, చర్చి, ఇన్‌స్టిట్యూటు, క్రిస్మస్ నాటి డాన్సులు, అన్నీ ఈ ఊరి జీవితంలో భాగమే. బొంబాయిలో తీసిన సులోచన సినిమా రీళ్ల పెట్టె మద్రాసుకు రైల్లో పోవాలంటే మా జంక్షన్ దాటాల్సిందే.

ఆ ఆంగ్లో ఇండియన్ ఇళ్ల మగవాడు ఇంజను నడపాలంటే పక్కన బొగ్గు వేసే తెలుగు ఫైర్‌మన్‌తో మాట్లాడాలి. ఆ ఇళ్ల ఆడది అంగట్లో బేరమాడాలి, వంటమనిషికి పని పురమాయించాలి. వాళ్లు మాట్లాడిన తెలుగు ఈ సీమ తెలుగే, ‘ఏమి రా అబ్బయ్యా, యాడికి పోతివి’ అనే తెలుగు. నేను చిన్నప్పుడు ఆ మాట వాళ్ల నోట విన్నాను. చదువు చెప్పిన టీచరమ్మల్లో, ఆస్పత్రి నర్సుల్లో, టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో, ఆఫీసు టైపు మిషన్ల ముందు వాళ్లున్నారు. సులోచన ఏ ఉద్యోగం నుంచి తెరకు వెళ్లిందో ఆ ఉద్యోగాలు చేసిన ఆడవాళ్లు మా ఊళ్లో మా మధ్య బతికారు. 1947 తర్వాత చాలా కుటుంబాలు ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు వెళ్లిపోయాయి. వెళ్లిపోయారు గనుక ఎప్పుడూ మనవాళ్లు కారు అంటే, అమెరికా వెళ్లిన మన పిల్లలను కూడా అట్లాగే అనాలి.

తెల్లవాళ్ల పాలనను నేను వెనకేసుకురావడం లేదు. 1893లో ఇద్దరు ఆడవాళ్లను తెల్ల సిపాయిల చేతి నుంచి కాపాడబోయి తుపాకీ గుండుకు బలైన గేట్‌కీపర్ హంపన్న మా గుంతకల్లు మనిషే. కాల్చినవాడికి శిక్ష పడలేదు. ఆంగ్లో ఇండియన్లకు రైల్వే ఉద్యోగాల్లో దొరికిన ప్రాధాన్యం, మన వాళ్లకు మూసిన తలుపులు ఎవరూ మరిచిపోకూడదు. కానీ ఒక పాలన చేసిన తప్పును, నెల జీతానికి కెమెరా ముందు నిలబడిన ఇరవై ఏళ్ల అమ్మాయి నెత్తిన వెయ్యడం ఏం న్యాయం? తెల్లవాళ్ల క్లబ్బులు ఆమెను తమలో కలుపుకోలేదు. మన సభలూ కలుపుకోలేదు. తెర మీద ఒక మిస్ స్మిత్ సీతాదేవి కావలసి వచ్చింది, ఒక మిస్ మయర్స్ సులోచన కావలసి వచ్చింది. పేరు మార్చుకున్నది వాళ్లు, డబ్బు చేసుకున్నది కంపెనీలు. సొంత పేరుతో కనిపించే వీలు ఇవ్వకుండా, తర్వాత వాళ్లు పరాయివాళ్లని ఆక్షేపించడం నాకు సహించదు.

ఎప్పుడో వందేళ్ల కిందటి సంగతి, ఇప్పుడు తిరగదోడి ఏం సాధిస్తారు అని అడిగేవాళ్లకు ‘భక్త ప్రహ్లాద’నే చూపిస్తాను. ఆ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు, ఆ తేదీనే సభలు పెట్టారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు తవ్వి, అది విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న అని నిరూపించాడు. పరిశ్రమ ఒప్పుకుంది, పండగ తేదీ మారింది. ఒక తేదీని సరిచెయ్యడానికి అంత శ్రమ పడగలిగిన వాళ్లం, ఒక మనిషిని సరిచెయ్యడానికి పడలేమా? మద్రాసు చర్చిల బాప్తిస్మ, పెళ్లి రిజిస్టర్లున్నాయి. ఆ కాలపు ఇంగ్లీషు పత్రికల్లో థియేటర్ ప్రకటనలున్నాయి. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్తావేజులున్నాయి, అందులో ఈ దేశంలో పుట్టి పెరిగిన యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల జనన మరణాల వివరాలున్నాయి. పెర్త్‌లో, మెల్‌బోర్న్‌లో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో పాత ఫొటోల ఆల్బమ్‌లున్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో సినిమా మీద పరిశోధన చేసే పిల్లలకు ఈ పని ఇవ్వాలి. అంతవరకు ఆగనక్కర్లేని పని ఒకటుంది. వచ్చే ఫిబ్రవరి సభల్లో, ప్రత్యేక సంచికల్లో, పాఠ్యపుస్తకాల్లో తొలి నటీమణుల జాబితాలో మొదటి వరస ఇట్లా రాయాలి: ‘భీష్మ ప్రతిజ్ఞ’, 1921, గంగ, పెగ్గీ కాస్టెలో. రెండో వరసలో, తొలి తెలుగు టాకీ నాయికగా, సురభి కమలాబాయి.